జాకెట్టు మీది పూలకు పుట్టిల్లు తోలు

ఆరి వర్క్ జాకెట్టు లేని పెళ్ళి ఇప్పుడు మన ఇళ్ళలో లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో దీన్నే మగ్గం వర్క్ అంటారు. ఈ సూదికి మూలం చెప్పులు కుట్టేవాళ్ళ పనిముట్టు.

గుజరాత్‌లోని కచ్‌లో మోచీలు దాంతోనే తోలు మీద పూలు కుట్టేవారు. మొన దగ్గర చిన్న గాటు ఉంటుంది. పైనుంచి పొడిచి, అడుగున ఎడమచేత్తో పట్టిన దారాన్ని ఉచ్చులా పైకి లాగితే గొలుసుకుట్టు పడుతుంది. 13వ శతాబ్దంలోనే మార్కోపోలో, గుజరాత్‌లో ఎర్ర, నీలి తోలు చాపల మీద పక్షులనూ జంతువులనూ, వెండి బంగారు తీగల కుట్టునూ మెచ్చుకున్నాడు. తోలు మీది ఆ కుట్టే తర్వాత సన్నబడి పట్టు మీదికెక్కింది.

మన పాత నిఘంటువుల్లో 'ఆరె' అంటే చెప్పులు కుట్టే సూదే. ఆరి, ఆరె దగ్గరి చుట్టాలు!

తమిళనాడు పడమటి జిల్లాల్లో తోలుపని చేసిన అరుంధతీయుల్లో చాలామందికి ఇంటి భాష తెలుగే. మన సంచికల్లో నాయకరాజులకు పేజీలకు పేజీలు ఇచ్చుకున్నాం, వీళ్ళకు ఒక్కటీ ఇవ్వలేదు. తప్పు మనదే. వచ్చే సంచికలోపు ఆ పెద్దల గడపకు మనమే వెళ్ళి, వాళ్ళ పనిముట్ల పేర్లు వాళ్ళ తెలుగులోనే రాసుకొద్దాం. ఎవరెవరు వస్తారు?