కంట్రోల్ బార్: వదిలించుకోవడం నేర్చిన చరిత్ర

కైట్‌సర్ఫింగ్‌లో మనిషికీ గాలిపటానికీ మధ్య ఉండేది సుమారు అర మీటరు బార్, దానికి కట్టిన ఇరవై మీటర్లకు పైబడిన నాలుగైదు లైన్లు. గాలిపటాన్ని తిప్పేదీ, లాగుడు పెంచి తగ్గించేదీ, ఆపదలో దాన్ని వదిలించుకునేదీ ఈ బార్‌తోనే. తిప్పడం మనుషులకు త్వరగానే పట్టుబడింది. వదిలించుకోవడం నేర్చుకోవడానికే చాలా కాలం పట్టింది.

గాలిపటంతో బరువు లాగించడం పాత ఆలోచనే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బడిపంతులు జార్జ్ పోకాక్ 1826లో గాలిపటాలు లాగే బండికి పేటెంటు తీసుకున్నాడు. ‘చార్‌వోలాంట్’ అనే ఆ బండిలో గాలిపటాలను అదుపు చేయడానికి నాలుగు తాళ్లుండేవి. అప్పట్లో రహదారి సుంకం గుర్రాల లెక్కన ఉండేది కాబట్టి ఆ బండికి సుంకం పడేది కాదని చెబుతారు. 1903లో శామ్యూల్ కోడీ గాలిపటం కట్టిన పడవలో కలే నుంచి డోవర్‌కు ఇంగ్లిష్ చానల్ దాటాడు. ఈ రెండు చోట్లా లాగుడును భరించింది బండి, పడవ. కైట్‌సర్ఫింగ్‌లో ఆ బలమంతా నేరుగా మనిషి ఒంటి మీద పడుతుంది. ప్రమాదమంతా ఇక్కడే మొదలైంది.

ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగైన్యూ 1984లో గాలి నింపే గొట్టాలున్న గాలిపటానికి పేటెంటు కోరారు. నీళ్లలో పడినా అది తేలుతుంది, అక్కడి నుంచే మళ్లీ లేస్తుంది. అమెరికాలో బోయింగ్ ఇంజనీరు బిల్ రోజలర్, ఆయన కొడుకు కోరీ మరో దారి పట్టారు. 1994లో అమ్మకానికి వచ్చిన వారి ‘కైట్‌స్కీ’లో లైన్లు చుట్టుకునే చక్రం బార్‌కే ఉండేది. పడిన గాలిపటాన్ని దగ్గరికి చుట్టుకొని మళ్లీ ఎగరేసేవారు. 1997లో లెగైన్యూ సోదరుల ‘విపికా’ గాలిపటం మార్కెట్టుకు రావడంతో ఈ క్రీడ తీరాలన్నిటికీ పాకింది.

తొలినాటి కైట్‌సర్ఫింగ్ గాలిపటాలకు రెండే లైన్లు. ఈడ్పు ఎక్కువైతే తగ్గించే మార్గం లేదు. బార్ వదిలేస్తే, మణికట్టుకు కట్టిన పట్టీ ఒక లైన్‌ను పట్టుకొని గాలిపటాన్ని చదునుగా పడేసేది. తర్వాత నాలుగు లైన్ల పద్ధతి వచ్చింది. ముందు లైన్లు బార్ మధ్య రంధ్రం గుండా వచ్చి, నడుముకు కట్టుకున్న హార్నెస్ కొక్కేనికి తగిలించే ‘చికెన్ లూప్’తో కలిశాయి. బార్‌ను దూరంగా తోస్తే లాగుడు తగ్గుతుంది. కానీ పూర్తిగా పోయేది కాదు. పైగా లూప్ కొక్కేనికి బిగిసి ఉండేది. హఠాత్తుగా గాలి పెరిగితే గాలిపటం మనుషులను ఒడ్డు మీది రాళ్ల పైకి, గోడల పైకి ఈడ్చుకుపోయేది, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. లూప్‌లోనే ఒక్క తోపుతో విడిపోయే ‘క్విక్ రిలీజ్’ ఆ మరణాల తర్వాతే సాధారణమైంది. 2005లో వచ్చిన ‘బో కైట్లు’ అనే కొత్త రకం గాలిపటాలు లాగుడును దాదాపు పూర్తిగా తగ్గించగలిగాయి. ఆపై, రిలీజ్ తెరిస్తే గాలిపటం ఒకే ముందు లైన్ మీద జెండాలా వాలిపోయే ఏర్పాటు స్థిరపడింది.

లైన్ల కథ వేరు. డైనీమా వంటి పాలిథిలీన్ పోగులు సన్నగా ఉండి బరువును బాగా మోస్తాయి. వాటి బలహీనత వేడి. సుమారు 150 డిగ్రీల లోపే కరిగిపోతాయి. సంక్రాంతి పతంగుల్లో దారం దారాన్ని కోసినట్టు, బిగిసిన లైన్ మరో లైన్ మీద రాసుకుంటే క్షణాల్లో తెగుతుంది. మధ్యలో ముడి పడితే బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే తెగిన లైన్‌ను ముడివేసి వాడటం మరమ్మతు కిందికి రాదు, ఆ లైన్‌ను మార్చాల్సిందే. ముందు లైన్లు ఎక్కువ భారం మోసి ఎక్కువ సాగుతాయి. వాటితో పోలిస్తే వెనక లైన్లు పొట్టివై, గాలిపటం వెనక్కి వాలుతుంది. లైన్లన్నిటినీ ఒకే గుంజకు తగిలించి సమానంగా లాగి చూస్తే తేడా తెలిసిపోతుంది. బార్ చివరి తాళ్ల ముడులు జరిపి దాన్ని సరిచేస్తారు.

రిలీజ్‌కు అసలు శత్రువులు ఉప్పూ ఇసుకా. ఎండిన ఉప్పు స్ప్రింగును బిగదీస్తుంది, సన్నని ఇసుక జారుడు భాగంలో ఇరుక్కుంటుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం, నీళ్లలోకి దిగేముందు ఒకసారి తెరిచి మూసి చూడడం తప్పనిసరి. రిలీజ్‌ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 21853 వచ్చింది 2020లో. అంటే విపికా మార్కెట్టుకొచ్చిన 23 ఏళ్ల తర్వాత. ప్రమాణం పరీక్షించేది కొత్త పరికరాన్నే. స్ప్రింగు సడలిన రిలీజ్‌ను ఆకురాయితో అరగదీసి, తాడు చుట్టి నడిపించడం కంటే పక్కన పడేయడం మేలు.