శిల్పమున కలిసినవారు జీవితమున కలిసిరా?

న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ వస్తుప్రదర్శనశాలలో మూరెడైనను పొడవులేని సున్నపురాతి ప్రతిమ యొకటి కలదు. అది ఈజిప్టు రాణియగు రెండవ ఆర్సినోయీది. ఆమెకు సోదరుడును భర్తయునైన రెండవ టాలెమీయే అశోకుని పదుమూడవ శిలాశాసనమున తురమయుడని పేర్కొనబడిన యవనరాజు. ఆ శాసనములు మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్లపైనను చెక్కబడియుండుటచే నీ రాజకుటుంబము తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు.

ఆర్సినోయీ మరణించిన నూఱేండ్లకు పైబడి, ఆమెను దేవతగా పూజించుటకై యీ ప్రతిమను చేసిరి. ముందునకు సాగిన యెడమకాలు, బిగిసి వ్రేలాడు కుడిచేయి, వీపునకంటి నిలిచిన లేఖనస్తంభము ఫారోల కాలమునుండి వచ్చిన శిల్పమర్యాదలు. మెలికలు తిరిగి భుజములపై జాఱు కురులును, ఎడమచేతనున్న సమృద్ధిసూచకమగు కొమ్మును గ్రీకులవి. రెండు సంప్రదాయము లొక్క రాతిలో నిట్లు పొసగుట చూచి మేమును ముగ్ధులమైతిమి. అయినను ఈ పొందిక యెట్లు కలిగెనో విచారింపవలసియున్నది.

అలెగ్జాండరు క్రీ. పూ. 332లో ఈజిప్టును జయించెను. అతని సేనానియగు టాలెమీ క్రీ. పూ. 305లో రాజయ్యెను. ఈ వంశపురాజులు నాణెములపై గ్రీకు రూపముతోడను, దేవాలయముల గోడలపై ఫారో వేషముతోడను కనబడుదురు. ప్రజల విశ్వాసము దేవాలయములయందును, దేవాలయములు అర్చకుల చేతులయందును ఉండెను గదా! క్రీ. పూ. 196 నాటి రోసెట్టా శాసనమున, అయిదవ టాలెమీ విగ్రహమును ప్రతి దేవాలయమునను ప్రతిష్ఠింపవలెనని అర్చకులు తీర్మానించిరి. అప్పటికి దక్షిణ ఈజిప్టు తిరుగుబాటుదారుల వశమైయుండెను, క్రీ. పూ. 186 వఱకు నా కలహము చల్లాఱలేదు. కావున విగ్రహముల వేషమున కళాభిరుచితోపాటు రాజ్యావసరమును కలదని మా యభిప్రాయము.

శిల్పమున నింత చనువుండగా, వ్యవహారమున నెడమే మిగిలెను. గ్రీకులకు వేఱు న్యాయస్థానములు, ఈజిప్టీయులకు వేఱు న్యాయస్థానములు ఉండెను. తుదిరాణియగు క్లియోపాట్రాకు పూర్వము ఆ వంశపురాజులు ప్రజలభాషను నేర్చుకొనుటకైనను యత్నింపలేదని ప్లూటార్కు వ్రాసెను. ఆమె మరణముతో క్రీ. పూ. 30లో రాజ్యమే రోము పాలయ్యెను.

ఉలి పట్టినవాడు పరులసొమ్మును గ్రహించియు తన నిలుకడను విడువలేదు. దండము పట్టినవాడు ప్రజల వేషమును ధరించియు వారి మాటను వినలేదు. వేషము కలిసినంతనే హృదయములు కలిసినవని మురియువా రీ చిన్నిప్రతిమను రెండుమాఱులు చూడవలెను.