అడవిలో మొదలై వంటింటి దాకా

కృష్ణపట్నానికి జపాను పేరు కొత్త కాదు. జపాను సంస్థ జైకా చెన్నై–బెంగళూరు పారిశ్రామిక నడవాకు ప్రణాళిక గీసినప్పుడు ముందుగా ఎంచుకున్న మూడు చోట్లలో ఈ నెల్లూరు తీరం ఒకటి. పటాల మీద, రేవు లెక్కల్లో కనిపించే జపాను అది. ఇంకో జపాను సెల్‌ఫోన్‌లోంచి దిగుతోంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు మాటలతోనే మన హాళ్లకు వచ్చింది. యానిమే అనే ఈ బొమ్మల సినిమాలు చూసినవాళ్లు మాంగా అనే బొమ్మల కథలు వెతుక్కుంటారు. మాంగా వెతికితే దాని కొమ్మలన్నీ తగులుతాయి. వాటిలో బయటివాళ్లను బాగా తికమకపెట్టే కొమ్మ ఒకటుంది. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథలు. జపానులో ‘బాయ్స్ లవ్’ అంటారు, పొట్టిగా ‘బీఎల్’. వింతేమిటంటే వీటిని గీసేదీ చదివేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

మనకు బొమ్మల కథ అనగానే 1947లో మొదలైన ‘చందమామ’ గుర్తొస్తుంది. పెద్దలూ చదివారు గానీ అది పిల్లల పుస్తకంగానే చలామణీ అయింది. జపానులో అలా కాదు. అక్కడ మాంగా పత్రికలను ఈడును బట్టి, ఆడామగను బట్టి అరలు అరలుగా విడదీశారు. ఆడపిల్లలవి ‘షోజో’, ఎదిగిన మగవాళ్లవి ‘సెయినెన్’. బీఎల్ చరిత్ర అంటే ఒక కథ ఈ అరలు దాటుకుంటూ పోయిన చరిత్ర.

దాని విత్తనం పడింది బొమ్మల్లో కాదు, వచనంలో. మహారచయిత మోరి ఓగై కూతురు మోరి మారి 1961లో ‘ప్రేమికుల అడవి’ అనే అర్థమొచ్చే పేరుతో ఒక కథ రాసింది. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. అందగాళ్లు, సంపద, అసూయ, చివరికి చావు. పేరుకు తగ్గట్టు ఆ ప్రేమ మామూలు బతుకుకు ఆమడదూరంలో ఉండేది. అందులో ఉప్పు లేదు, పప్పు లేదు, ఇంటద్దె లేదు.

ఇక బొమ్మల వైపు చూస్తే, ఆడపిల్లల మాంగాకు బలమైన పునాది వేసినవాడు మగవాడే. తెజుకా ఒసాము 1953లో మగవేషం కట్టిన రాకుమారి కథ గీయడం మొదలుపెట్టాడు. ఆయన పెరిగిన తకరజుకా ఊళ్లో 1914 నుంచి ఆడవాళ్లే మగపాత్రలు వేసే నాటకాలు నడుస్తున్నాయి. సత్యభామగా స్థానం నరసింహారావును చూసి మైమరచినవాళ్లకు ఇది వింత కాదు. మన రంగస్థలం మీద జరిగినదే అక్కడ తిరగబడి జరిగింది.

1970ల్లో కలం చేతులు మారింది. జపాను లెక్కలో షోవా 24, అంటే 1949, ఆ చుట్టుపక్కల పుట్టిన అమ్మాయిలు కొందరు షోజో పత్రికల్లోకి వచ్చారు. ‘24వ సంవత్సరపు జట్టు’ అని వాళ్లకు పేరు. వారిలో తకెమియా కెయికో, హగియో మోతో టోక్యోలోని ఓయిజుమి ప్రాంతంలో ఒకే ఇంట్లో ఉండి గీశారు. 1974లో హగియో ‘థామస్ హృదయం’, 1976లో తకెమియా ‘గాలీ చెట్ల పాట’ ధారావాహికలుగా మొదలయ్యాయి. రెండూ యూరపు బోర్డింగు స్కూళ్లలోని అబ్బాయిల కథలు. రెండింటి నిండా దిగులే.

దాదాపు ఆ కాలంలోనే తెలుగులో నవల ఆడవాళ్ల చేతికొచ్చింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో నాయకుడు రాజశేఖరాన్ని చదివిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. ఆడపేరుకు ఎంత గిరాకీ అంటే, పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘ఇల్లాలి ముచ్చట్లు’ను పురాణం సీత పేరుతో రాశారు. రెండు దేశాల్లోనూ ఆడవాళ్లు తమకు కావలసిన మగవాణ్ణి తామే తయారుచేసుకున్నారు. మనవాళ్లు అతనికి కారిచ్చి, ఆత్మాభిమానం గల నాయిక జయంతిని ఎదురుగా నిలబెట్టారు. జపాను అమ్మాయిలు అసలు నాయికనే కథలోంచి తీసేశారు.

ఎందుకు తీసేశారన్న దగ్గరే ఈ కథల ఆకర్షణంతా ఉంది. నాయిక ఉంటే ఆమె ఎలా ఉండాలో, ఎక్కడ తగ్గాలో, కథ ఏ పెళ్లిపీట మీద ఆగాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. చదివే అమ్మాయి ఆమెతో తనను పోల్చుకుని కుంగక తప్పదు. ఇద్దరూ మగవాళ్లయితే ఆ బరువు దిగిపోతుంది. పాఠకురాలు ఈవైపు నిలబడొచ్చు, ఆవైపు నిలబడొచ్చు, గట్టున కూర్చుని చూడనూవచ్చు. ఎప్పుడూ చూడబడే మనిషికి తానే చూసే వీలు దొరకడం చిన్న సంగతి కాదు.

1975 డిసెంబరులో టోక్యోలో ‘కొమికెట్’ అనే సంత మొదలైంది. ఎవరి పుస్తకం వాళ్లే అచ్చువేసుకుని అమ్ముకునే చోటు. తొలిసారి 32 జట్లు, సుమారు 700 మంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువుకునే ఆడపిల్లలు. ‘శిఖరం లేదు, ముగింపు లేదు, అర్థం లేదు’ అంటూ తమ రాతలను తామే వెక్కిరించుకున్న జపాను మాటల్లోని తొలి అక్షరాలు కలిసి ‘యావోయి’ అయింది. 1978లో ఇలాంటి కథల కోసం ‘జూనె’ పత్రిక వచ్చింది. 1980ల్లో ‘కెప్టెన్ త్సుబాసా’ ఫుట్‌బాల్ కుర్రాళ్లను అభిమానులు తమ సొంత ప్రేమకథల్లోకి లాక్కున్నారు. 1990లకు పెద్ద ప్రచురణకర్తలు దిగారు. పేరు ‘బాయ్స్ లవ్’గా స్థిరపడింది. సూత్రమూ స్థిరపడింది: చొరవ చేసేవాడు ‘సెమె’, అందుకునేవాడు ‘ఉకె’. గుమ్మంలోంచి గెంటేసిన ఆలుమగల లెక్క కిటికీలోంచి మళ్లీ లోపలికొచ్చింది.

తలుపు తట్టింది అసలు మనుషులు. 1992లో సతో మసాకి అనే గే కార్యకర్త ఒక స్త్రీవాద చిన్నపత్రికలో నిలదీశాడు. మీ పుస్తకాల్లో అందగాళ్లకే చోటు, మాలాంటి మామూలువాళ్లు మీకు మనుషులుగా కనిపించరా అన్నది అతని ప్రశ్న. ఆ వాదం కొన్నేళ్లు నడిచింది. కొందరు ఇది మా ఊహ, మీ గురించి కాదన్నారు. కొందరు ఆలోచనలో పడ్డారు. అతని కోపంలో న్యాయముంది. ఊహకు స్వేచ్ఛ ఉండాలన్న మాటలోనూ ఉంది. ఒకరి ఆశ్రయం ఇంకొకరి బతుకు మీద కట్టినదైతే, అద్దె ఎవరు కట్టాలన్నదే తగవు.

ఆ తగవుకు తీర్పు వాదంలో రాలేదు, కథల్లో వచ్చింది. పాత్రలకు వయసొచ్చింది. 1995లో రగావా మరిమో ‘న్యూయార్క్ న్యూయార్క్’ ఒక పోలీసు, అతని సహచరుడు కలిసి బతికే కథగా మొదలైంది. 2007లో యోషినాగా ఫుమి ‘నిన్న ఏం తిన్నావు?’ ప్రారంభించింది. అచ్చయింది బీఎల్ పత్రికలో కాదు, మగవాళ్లు చదివే ‘మార్నింగ్’ వారపత్రికలో. లాయరు షిరోకు నలభై మూడేళ్లు. సెలూన్‌లో పనిచేసే కెంజికి నలభై దాటింది. ఒకే ఇల్లు, తిండి ఖర్చు నెలకు 25,000 యెన్లకు మించకూడదు. షిరో ఆఫీసు నుంచి వస్తూ బేరం చూసి కూరలు కొంటాడు, వండుతాడు, ఇద్దరూ తింటారు. పెద్ద పుచ్చకాయ ఎక్కువనిపించి, దుకాణంలో కనిపించిన ఒక గృహిణితో చెరిసగం పంచుకుంటే అదే స్నేహమవుతుంది. చదివేవాళ్లతోపాటే పాత్రలకూ ఏళ్లు పైబడతాయి. ఇరవై సంపుటాలు దాటిన ఈ కథకు 2019లో కొదాన్షా బహుమతి వచ్చింది, అదే ఏడు టీవీకీ ఎక్కింది.

2014లో రెండోవైపు నుంచి అడుగు పడింది. గే పత్రికలకు దశాబ్దాలుగా గీసిన తగామె గెంగొరో, అందరూ చదివే పత్రికలో ‘తమ్ముడి భర్త’ గీశాడు. చనిపోయిన కవల తమ్ముడి భర్త, మైక్ అనే కెనడావాడు, యాయిచి ఇంటి గుమ్మంలో నిలబడతాడు. యాయిచి తడబడతాడు. చిన్నారి కూతురు కనా మాత్రం, ఇక్కడ కుదరని పెళ్లి అక్కడెలా కుదిరిందని సూటిగా అడిగేస్తుంది.

ఆ ప్రశ్నకు జపాను చట్టం ఇంకా జవాబు చెప్పలేదు. యోషినాగా కథలో ఒక ముసలి జంట, ఆస్తి పరాయిపాలు కాకుండా, ఒకరు ఇంకొకరిని దత్తత తీసుకోవడం గురించి లాయరును అడుగుతారు. పెళ్లి కుదరదు గనుక కాగితం మీద తండ్రీకొడుకులవ్వాలి. మన దగ్గర సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమ మీది 377వ సెక్షను నేరభారం తీసేసింది. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లి హక్కు ఇవ్వడం తన పని కాదంది. రెండుచోట్లా కథ నడిచినంత వేగంగా కాగితం నడవలేదు.

మోరి మారి అడవిలో మొదలైన ఈ దారి నలభై ఆరేళ్లకు వంటింట్లో తేలింది. తొలినాటి పాఠకురాలికి దూరం కావాలి, అందుకే యూరపు, అందుకే చావు. ఈనాటి పాఠకురాలికి కావలసింది దగ్గరితనం: ఎవరు వండాలో పుట్టుకతోనే రాసిపెట్టి లేని ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని. అలాంటి ఇల్లు ఆలుమగల మధ్య ఇంకా అరుదు గనుకే, ఇద్దరు నడివయసు మగవాళ్ల గిన్నెల చప్పుడు అంత తియ్యగా వినిపిస్తుంది.

మన భాషలోనూ ప్రేమ తరచుగా ప్రేమ అని చెప్పుకోదు, ‘తిన్నావా?’ అని అడుగుతుంది. నెల్లూరు చేపల పులుసైతే వండిన పూటకన్నా మర్నాటికే రుచి అంటారు. ‘నిన్న ఏం తిన్నావు?’ అన్న ప్రశ్న ఈ తీరంలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. నిన్నటి కూర గురించి ఇవాళ అడగాలంటే, నిన్నా ఇవాళా తోడున్న మనిషి ఉండాలి.