తొమ్మిదో పేరు

1958. డెహ్రాడూన్. వాయుసేన సెలక్షన్ బోర్డు ముందు పాతికమంది కుర్రాళ్లు. ఖాళీలు ఎనిమిదే.

వాళ్లలో ఒకడు రామేశ్వరం నుంచి వచ్చాడు. మద్రాసు ఎంఐటీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివాడు. ఎలాగైనా విమానం నడపాలి. ఆ ‘ఎలాగైనా’యే అతన్ని నిలవనివ్వడం లేదు.

వస్తూ వస్తూ ఢిల్లీలో రక్షణశాఖ సాంకేతిక విభాగం ఇంటర్వ్యూకి వెళ్లాడు. మామూలు ప్రశ్నలు, తేలిగ్గా గట్టెక్కాడు. ఇక్కడి లెక్క వేరు. బోర్డు చూస్తున్నది చదువొక్కటే కాదు. దేహదారుఢ్యం, మాటతీరు కూడా. అతనిలో పట్టుదల ఎంతుందో గుబులూ అంతే ఉంది.

ఫలితాలొచ్చాయి. అతనిది తొమ్మిదో స్థానం.

కాళ్లీడ్చుకుంటూ రిషీకేశ్ చేరాడు. గంగలో మునిగి, స్వామి శివానంద ఎదుట కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు. జరిగింది ఒప్పుకుని ముందుకు సాగమన్నారు స్వామీజీ. ఢిల్లీకి తిరిగొచ్చేసరికి రక్షణశాఖ ఉద్యోగపు ఉత్తర్వు సిద్ధంగా ఉంది. మూలవేతనం నెలకు 250 రూపాయలు. ఆ యువకుడే అబ్దుల్ కలాం.

అడగని పరీక్ష

తర్వాత బెంగళూరు. అక్కడి రక్షణ ప్రయోగశాలలో కలాం బృందానికి అప్పగించిన పని హోవర్‌క్రాఫ్ట్ తయారీ. నేల మీద గాలిలో తేలుతూ సాగే వాహనం. అడిగి తెలుసుకుందామంటే అనుభవజ్ఞులు లేరు. చేస్తూనే నేర్చుకున్నారు. ‘నంది’ అని పేరుపెట్టిన ఆ వాహనం తేలింది. కానీ వివాదాలు ముసురుకుని ప్రాజెక్టు అటకెక్కింది.

ఒకరోజు గడ్డం పెంచిన పొడుగాటి మనిషి ఒకరు నందిని చూడ్డానికి వచ్చారు. యంత్రం గురించి ఒక్కొక్కటే అడిగారు. కలాం చెప్పారు. ఎక్కించుకుని తిప్పగలవా అన్నారు. పది నిమిషాలు తిప్పారు. దిగాక కలాం గురించి నాలుగు ముక్కలు అడిగి, వెళ్లేముందు తానెవరో చెప్పారు: బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ప్రొఫెసర్ ఎం.జి.కె. మీనన్.

వారం తిరిగేసరికి బొంబాయి నుంచి పిలుపు. రాకెట్ ఇంజినీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ!

పుస్తకాలు తిరగేసే వ్యవధి లేదు, తెలిసినవాళ్లను అడిగే వీలూ లేదు. ఏం అడుగుతారో అంతుపట్టదు. ఈసారి కలాం ‘ఎలాగైనా’ను పక్కనపెట్టారు. వస్తే వస్తుంది, లేకుంటే లేదు అనుకుని లోపలికి నడిచారు.

ఎదురుగా అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్. పక్కన మీనన్, అణుశక్తి సంఘం అధికారి సరాఫ్. సారాభాయ్ మాటల్లో దర్పం లేదు, ఆప్యాయత ఉంది. ఏం తెలుసని నిలదీయలేదు. ఈ మనిషి ఏం చేయగలడో తరచి చూశారు. మర్నాటి సాయంత్రానికే ఎంపిక కబురు అందింది. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ ప్రాజెక్టుకు సారథి కలామే.

బొంబాయి ఇంటర్వ్యూకి కలాం ప్రత్యేకంగా చదివింది ఏమీ లేదు. అసలు ప్రశ్నలు బెంగళూరులోనే, నంది పక్కన నిలబడి, వారం ముందే అడిగేశారు. అది ఇంటర్వ్యూ అని ఆయనకు తెలియదు. తన చేతులతో కట్టిన యంత్రం గనుక తడుముకోలేదు.

ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రెడీమేడ్ జవాబులు బట్టీ పట్టేముందు మీరు స్వయంగా చేసిన పని ఒకటి ఎంచుకోండి. ఎలా చేశారో, ఎక్కడ చిక్కుపడ్డారో, ఎలా బయటపడ్డారో ఎవరడిగినా చెప్పగలిగేలా తయారవండి. అలాంటి పని ఇంకా లేకపోతే, ఈ వారమే మొదలుపెట్టండి.