ఆటల ఫొటోలకు మూడు కాళ్లా, ఒంటి కాలా?



సంక్రాంతి ఆటల పోటీలకు సంఘం డబ్బుతో ఒక మంచి ట్రైపాడ్ కొనాలని కొందరు అంటున్నారు. పోయినసారి సావనీరులో కబడ్డీ ఫొటోలు మసకగా వచ్చాయి, పిల్లల ముఖాలే తెలియలేదు. తరతరాలుగా ఇక్కడే ఉన్నా, మన ఇళ్ల పిల్లలంతా ఒకే మైదానంలో కలిసేది ఏడాదికి ఆ ఒక్క రోజే. దానికి మిగిలే గుర్తు ఆ సావనీరే. అందుకే డబ్బు పెట్టేముందు ఈ కాళ్ల చరిత్ర కాస్త చూద్దాం.

కెమెరాకు మూడు కాళ్లు వచ్చింది ఆటల కోసం కాదు. 1839లో దగేర్ పద్ధతి లోకానికి తెలిసిన రోజుల్లో ఒక్క బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. కెమెరా కదలకూడదు, ఎదుటి మనిషీ కదలకూడదు. తల కదలకుండా వెనక ఇనుప ఊత కూడా పెట్టేవారు.

1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని ఫొటో తీశాడు. 12 కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా తీగలు కట్టాడు. గుర్రం ఏ దారిన వస్తుందో ముందే తెలుసు కాబట్టి కెమెరాలు కదలాల్సిన పని లేదు. 1882లో మారే వేరే దారి పట్టాడు. తుపాకీలా భుజానికి ఆనించే కెమెరా చేసి, సెకనుకు 12 బొమ్మల చొప్పున ఎగిరే పక్షుల్ని తీశాడు. పక్షి ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? మన కబడ్డీ రైడరూ ఆ పక్షి లాంటివాడే.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి జైస్ కంపెనీ 180 మి.మీ. లెన్సు తెచ్చింది. దానికి ఒలింపియా సోనార్ అనే పేరే నిలిచిపోయింది. 1954లో కోడాక్ ట్రై-ఎక్స్ 35 మి.మీ. ఫిల్ము వచ్చాక తక్కువ వెలుతురులోనూ వేగంగా తీయడం తేలికైంది. అలా వణుకు బాధ తగ్గుతూ వచ్చింది, లెన్సుల బరువు మాత్రం పెరిగింది. 1991 నాటి కానన్ 400 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సు ఒక్కటే 6 కిలోల పైన ఉండేది. అంత బరువును గంటల తరబడి చేత్తో ఎవరు మోస్తారు? మూడు కాళ్లు పరిస్తే పక్కవాళ్లకు అడ్డం, ఆట మన మీదికొస్తే లేచి పరుగెత్తలేం. అందుకే గట్టు మీద ఒంటి కాలి స్టాండు, అంటే మోనోపాడ్, నిలబడింది. బరువు నేల మోస్తుంది, మనిషి ఆట వెంట తిరుగుతాడు. 2018లో అదే రకం లెన్సు 2.84 కిలోలకు దిగినా మోనోపాడ్ పోలేదు.

దీన్నిబట్టి తేలేది ఒకటే: ఆటగాణ్ణి బొమ్మలో ఆపేది స్టాండు కాదు, షటర్ వేగం. మన పాత ఫొటోలు మళ్లీ చూడండి. వెనక షామియానా స్పష్టంగా ఉంది, రైడర్ మాత్రమే చెదిరిపోయాడు. అంటే చెయ్యి వణకలేదు, షటర్ నెమ్మదిగా ఉంది. ఐఎస్ఓ పెంచి 1/1000 దగ్గర తీస్తే, పైసా ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది.

ఇక స్టాండు చేయాల్సింది బరువు మోయడమే. కాబట్టి ఖరీదైన కార్బన్ ఫైబర్ అక్కర్లేదు, అల్యూమినియం మోనోపాడ్ చాలు. కొనేటప్పుడు మూడు చూడండి. కెమెరా, లెన్సు కలిపిన బరువుకు రెట్టింపు మోస్తుందని రాసి ఉండాలి. పూర్తిగా చాపితే వంగకుండా కంటి ఎత్తుకు రావాలి. చాపిన స్టాండు మీద చేత్తో గట్టిగా నొక్కితే లాకులు జారకూడదు. పైన బాల్ హెడ్ కొనకపోయినా నడుస్తుంది. పెద్ద లెన్సుకు కాలర్ ఉంటే స్క్రూ అక్కడే బిగించాలి, కెమెరా అడుగున కాదు.

అదీ కొనలేని పిల్లలకు ఒక ఉపాయం. కెమెరా అడుగున పట్టే పావు అంగుళం బోల్టుకు తాడు కట్టి, రెండో కొస కాలికింద తొక్కిపట్టి, కెమెరాను పైకి బిగలాగాలి. ఇది బరువు మోయదు గానీ, వణుకు బాగా తగ్గుతుంది.

ట్రైపాడ్ ధరలో ఒక మామూలు మోనోపాడ్ కొని, మిగిలింది సావనీరు మంచి కాగితానికి పెడదామని నా మనవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కెమెరా మోసే మన పిల్లల భుజాలను కూడా కార్యవర్గం లెక్కలోకి తీసుకోవాలి.