సేవ నుంచి సంఘం దాకా: ఢిల్లీ బస్తీల అనుభవం

నేను విజ్ఞానశాస్త్రం బోధించేవాణ్ణి. అందుకే ఈ చరిత్ర పాఠాన్ని ఒక సూక్ష్మజీవితో మొదలుపెడతాను.

కలరా ఎలా వస్తుందో మనకు తెలుసు. మలంతో కలుషితమైన నీటి ద్వారా ఆ సూక్ష్మజీవి పేగుల్లోకి చేరుతుంది. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ దాన్ని వేరుచేసి చూపాడు. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో రోగి ప్రాణం నిలబెట్టవచ్చని 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ రుజువు చేశారు. అయినా 1988 వేసవిలో దేశ రాజధాని ఢిల్లీలోనే కలరా చెలరేగింది. ముఖ్యంగా యమునకు తూర్పున ఉన్న పునరావాస కాలనీల్లో లోతు తక్కువ చేతిపంపుల నీళ్లు తాగిన పేదలు ప్రాణాలు కోల్పోయారు. కారణం తెలుసు, మందు తెలుసు. మరి ఆ జ్ఞానం పేదవాడి గుమ్మం దాకా ఎందుకు చేరలేదు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో దైవభక్తి ప్రేరణతో బస్తీలకు వెళ్లినవారు చాలామంది ఉన్నారు. వారి పనిలో ఏది నిలిచిందో, ఎందుకు నిలిచిందో ఇప్పుడు పరిశీలిద్దాం.

లండన్‌లో ఒక ఫాదరీ

1854లో లండన్‌లోని సోహో పేటలో కలరా వచ్చినప్పుడు, బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో చెప్పాడు. ఆ పేట చర్చిలో పనిచేసే యువ ఫాదరీ హెన్రీ వైట్‌హెడ్ మొదట ఆ మాట నమ్మలేదు. అది తప్పని చూపడానికే ఇంటింటికీ తిరిగాడు. ఆ ఇళ్ల వాళ్లు ఆయనకు ముందే పరిచయం కాబట్టి, కొత్తవాళ్లకు చెప్పని సంగతులు ఆయనకు చెప్పారు. చివరికి, జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపు బావి పక్కనున్న గోతిలోకి చేరాయని కనిపెట్టింది ఆయనే. స్నో దగ్గర సిద్ధాంతం ఉంది, వైట్‌హెడ్ దగ్గర జనం నమ్మకం ఉంది. రెండూ కలిసినప్పుడే నిజం తేలింది.

వాల్మీకి మందిరంలో గాంధీజీ, అంబేద్కర్ వేసిన ప్రశ్న

ఇక ఢిల్లీకి వద్దాం. 1946 ఏప్రిల్ 1న గాంధీజీ పారిశుద్ధ్య కార్మికులు నివసించే వాల్మీకి బస్తీకి వచ్చి, అక్కడి మందిరం ఆవరణలోని గదిలో మకాం పెట్టారు. 1947 జూన్ దాకా, మధ్యమధ్య ప్రయాణాలు పోను, మొత్తం 214 రోజులు అక్కడే గడిపారు. పిల్లలకు చదువు చెప్పారు, సాయంత్రాలు సర్వమత ప్రార్థనలు జరిపారు. దేశ నాయకులంతా ఆయన్ను కలవడానికి ఆ వాడకే రావలసి వచ్చింది. అంటరానితనాన్ని పాటించే సమాజానికి ఇది గట్టి జవాబు.

అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. 1932లో హరిజన సేవక సంఘం ఏర్పడినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానికి లేఖ రాశారు. కేవలం ఉపకారం చాలదని, బావులు, బడులు, దారుల మీద సమాన హక్కు కోసం పోరాడాలని, ఆ పనిచేసేవారు వీలైనంత వరకు అణగారిన వర్గాల నుంచే రావాలని సూచించారు. ఆ సూచనలు అమలు కాలేదు, ఆయన సంఘం నుంచి తప్పుకున్నారు. ఉపకారం పొందేవాడికి నిర్ణయంలో భాగం ఉందా? ఇదీ అంబేద్కర్ ప్రశ్న. ఈ పాఠానికంతటికీ ఇదే గీటురాయి.

మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ అంతకు ముందే ఈ దారి తొక్కారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా తన వాడల జనాన్ని కూడగట్టారు. తర్వాత పిల్లలకు బడులు పెట్టారు, మద్యపానానికి, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పనిచేశారు. ఆయన బయటి నుంచి వచ్చిన ఉపకారి కాదు, ఆ వాడల మనిషే.

నిజాముద్దీన్‌లో పాలగ్లాసు

హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా 1325లో కన్నుమూశారు. ఆయన దర్గా చుట్టూ పెరిగిన బస్తీ ఇరుకు సందులతో, వలస కూలీలతో కిక్కిరిసింది. సూఫీ గురువు ఇనాయత్ ఖాన్ సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన కుమారుడు పీర్ విలాయత్ ఇనాయత్ ఖాన్ అక్కడి పేదరికం చూసి చలించి, 1975లో హోప్ ప్రాజెక్టును ప్రారంభించారు. మొదట చేసిన పని పిల్లలకు పాలు పోయడం. క్రమంగా ఆసుపత్రి, బడి, మహిళల స్వయం సహాయక బృందాలు వచ్చాయి. పాలగ్లాసు ఒక పూట ఆకలి తీరుస్తుంది. పొదుపు బృందమైతే ఆ తల్లికే నలుగురిలో మాట్లాడే చోటు కల్పిస్తుంది.

చెట్టు కింద బల్ల

1988లో దక్షిణ ఢిల్లీ ఆర్.కె.పురంలోని అంబేద్కర్ బస్తీలో కలరా ఉందని తెలిసి, క్రైస్తవ విశ్వాసం గల పిల్లల వైద్యురాలు డాక్టర్ కిరణ్ మార్టిన్ అక్కడికి వెళ్లారు. అడిగి తెచ్చుకున్న బల్ల ఒకటి చెట్టు కింద వేసుకుని వైద్యం మొదలుపెట్టారు. నీళ్లు మారకపోతే నయమైన పిల్లవాడు మళ్లీ జబ్బుపడతాడు. అందుకే ఆమె స్థాపించిన ఆశా సంస్థ బస్తీ స్త్రీలకే ఆరోగ్య శిక్షణ ఇచ్చి, మహిళా మండళ్లుగా కూర్చింది. కుళాయిలు, మరుగుదొడ్లు, మురుగు కాలువల కోసం ఆ స్త్రీలే అర్జీలు పట్టుకుని కార్యాలయాలకు వెళ్లారు. 1990ల తొలి సంవత్సరాల్లో ఏక్తా విహార్ అనే బస్తీని, అక్కడివారిని ఖాళీ చేయించకుండానే, ప్రభుత్వ సహకారంతో తీర్చిదిద్దారు. 2008 నుంచి బస్తీ పిల్లలను కళాశాల చదువులకు పంపే కార్యక్రమమూ నడిచింది.

పరిమితులు

సేవాసంస్థలు అన్నీ చేయలేవు. 2004లో యమునా పుష్తా గుడిసెలను కూల్చినప్పుడు ఎన్నో కుటుంబాలు బవానా వంటి దూరపు కాలనీలకు పోవలసి వచ్చింది. పనికి, బడికి దూరమయ్యాయి. ఏళ్ల తరబడి కట్టుకున్న బతుకు ఆ భూమి మీద హక్కు లేకపోతే ఒక్క రోజులో చెదిరిపోతుంది. ఆ హక్కు ఇవ్వవలసింది ప్రభుత్వం. ఇక మతం పేరుతో వచ్చే సాయం తమ వారికే పరిమితమైతే, లేదా మతం మార్పుకు ఎరగా మారితే, బస్తీ నమ్మకం విరిగిపోతుంది.

చివరగా

భక్తి మనిషిని బస్తీ గడప దాకా తీసుకుపోగలదు, తలుపు తెరిపించగలదు. ఆ తర్వాత పని నిలవాలంటే శాస్త్రజ్ఞానం కావాలి, అక్కడివారి సంఘం కావాలి, చట్టబద్ధమైన హక్కు కావాలి. మీ ఊళ్లో ఏదైనా సేవా కార్యక్రమం కనిపిస్తే ఒక చిన్న పరిశీలన చేయండి. ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు అన్నది రాసుకోండి. తీసుకునేవారిలో ఎంతమంది నిర్ణయాలు చేసే కమిటీలో ఉన్నారో కూడా లెక్కపెట్టండి. అంబేద్కర్ ప్రశ్నకు జవాబు ఆ లెక్కలో దొరుకుతుంది.