పెద్ద కొమ్మకు మూడు కోతలు: చైన్‌సాతో సురక్షితంగా తొలగించడం ఎలా?

తుపానులు, ఈదురుగాలుల తర్వాత విరిగి వేలాడే కొమ్మలను తొలగించడం పురపాలక, విద్యుత్ సిబ్బందికి తప్పనిసరి పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో వేల సంఖ్యలో చెట్లు నేలకూలాయి. ఇలాంటి సమయాల్లో పనిని వేగంగా ముగించే సాధనం చైన్‌సా. అయితే బరువైన కొమ్మను పైనుంచి ఒకే కోతతో తొలగించబోతే, కోత పూర్తికాకముందే అది కిందికి ఒరిగి, కాండం మీది బెరడును చీల్చుకుంటూ పడుతుంది. చెట్టుకు పెద్ద గాయమవుతుంది, కోసేవారికీ ముప్పే. దీనిని నివారించేదే మూడు కోతల పద్ధతి.

మొదటి కోత: కాండానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, కొమ్మ అడుగు భాగాన, దాని మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు కోయాలి. అంతకు మించితే కొమ్మ బరువుకు బార్ ఇరుక్కుపోతుంది. బెరడు చీలినా ఈ గాటు దగ్గరే ఆగిపోతుంది.

రెండో కోత: మొదటి గాటుకు కొద్ది సెంటీమీటర్లు వెలుపల, కొమ్మ చివరి వైపున, పైనుంచి కోయాలి. రెండు కోతల మధ్య చెక్క విరిగి కొమ్మ పడిపోతుంది.

మూడో కోత: మిగిలిన మొండి భాగాన్ని తొలగించేది ఇదే. కొమ్మ కాండంతో కలిసేచోట ఉబ్బెత్తుగా కనిపించే భాగమే కాలర్. గాయాన్ని మూసే కణజాలం ఇక్కడి నుంచే పెరుగుతుంది కనుక దానిని తాకకుండా, వెలుపలి అంచున కోయాలి. కాండానికి సమంగా చెక్కేస్తే కుళ్లు లోపలికి పాకుతుందని అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను కోసి పరిశీలించి తేల్చారు. గాయానికి రంగు పూసినా కుళ్లు ఆగదని కూడా ఆయన చెప్పారు.

ఎగదన్నే ప్రమాదం

బార్ కొన పైభాగం చెక్కకు తగిలితే రంపం ఒక్కసారిగా కోసేవారి మీదికి ఎగదన్నుతుంది. బార్ పైఅంచుతో అడుగు నుంచి కోసేటప్పుడు కూడా గొలుసు రంపాన్ని వెనక్కి నెడుతుంది. అందువల్ల రెండు చేతులతో, బొటనవేలు పిడి చుట్టూ బిగించి పట్టుకోవాలి. చైన్ బ్రేక్ పనిచేస్తున్నదీ లేనిదీ ముందే పరీక్షించాలి. నిచ్చెనపై నిలబడి గానీ, భుజం ఎత్తుకు మించి గానీ కోయరాదు. హెల్మెట్, ముఖ కవచం, చెవి రక్షణ, చైన్‌సా పనికి తయారైన ప్యాంటు, బూట్లు ధరించాలి.

కొమ్మ పడే ప్రదేశంలో ఎవరూ ఉండకూడదు. విద్యుత్ తీగలు సమీపంలో ఉంటే సరఫరా నిలిపివేసినట్లు డిస్కం సిబ్బంది నిర్ధారించే వరకు పని మొదలుపెట్టరాదు. ఇళ్ల మీదికి వాలిన భారీ కొమ్మలను తాళ్లతో దించడం శిక్షణ పొందినవారికే వదిలేయాలి.

తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం, ఢిల్లీలో 1994 నాటి చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం చెట్టు నరకడానికి ముందస్తు అనుమతి అవసరం. పెద్ద కొమ్మలు తొలగించే ముందు కూడా స్థానిక అధికారులను సంప్రదించడం మంచిది.